తాత చూడని తెర

నేను ఒక కార్టూన్ సినిమా రీలును. ఆ రోజు భీమడోలులోని ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: సినిమా హాల్లో ఆపరేటరుగా పనిచేసి మానేసిన ఇమ్మానుయేలు తాత, ఆయన భార్య సలోమమ్మ, సెలవులకు వచ్చిన మనవలు రూతు, ప్రభుదాసు, ఇంకా పక్కింటి పిల్లలు. బీరువాలో, రేకు డబ్బాలో, నేను.

నేను పుట్టింది అమెరికాలో. ఎంతోమంది బల్లల ముందు కూర్చుని వేల బొమ్మలు గీస్తే నాకు కదలిక వచ్చింది. నాలో ఒక నల్లవాడున్నాడు. బొగ్గులాంటి ముఖం, అరటికాయలంత పెదవులు, బయటికి పొడుచుకొచ్చిన కళ్ళు. కోడిని దొంగిలిస్తాడు, పరిగెత్తుతాడు, బురదలో పడతాడు. గీసినవాళ్ళు ఒక్క నల్లవాడి పక్కనైనా కూర్చుని అన్నం తిన్నారో లేదో నాకు తెలియదు. జనం నవ్వుతున్నారు కదా అని నేను మురిసిపోయేదాన్ని.

మిషన్ ఆసుపత్రి దొరసాని నన్ను ఓడలో తెచ్చి, తిరిగి వెళ్ళేటప్పుడు ప్రొజెక్టరుతో సహా తాతకు ఇచ్చేసింది. తాతకు నేనంటే ప్రాణం. కానీ ఆపరేటర్ల చూపు ఎప్పుడూ రీలు మీదే ఉంటుంది. ఎక్కడ తెగుతానోనని నన్నే చూసేవాడు తప్ప తెర చూసేవాడు కాదు.

ఆ సాయంత్రం గోడకు దుప్పటి కట్టి నన్ను ఆడించాడు. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. అంతలో ప్రభుదాసు అన్నాడు.

"ఒసే రూతూ, తెర మీదికి ఎప్పుడెక్కావే? అచ్చం నువ్వే."

నవ్వంతా రూతు మీదికి మళ్ళింది. రూతు నల్లగా ఉంటుంది. లేచి గడప దాకా వెళ్ళి ఆగింది.

"తాతా, అమెరికాలో నల్లోళ్ళు నిజంగా ఇట్టాగే ఉంటారా?"

తాత మొదటిసారి తెర వైపు చూశాడు. చూస్తూ ఉండిపోయాడు. ఆయన బదులు సలోమమ్మ చెప్పింది.

"మీ నాన్న కాన్పులో నన్ను బతికించిన డాక్టరుగారు ఆ దేశపు నల్లాయనేనమ్మా. ఎంత నెమ్మదైన మనిషో. ఇదెవరి బొమ్మో నాకు తెలవదు."

తాత నన్ను ఆపి, ఊడదీసి, డబ్బాలో పెట్టి సలోమమ్మకు ఇచ్చాడు. ప్రొజెక్టరు దీపం మాత్రం ఆర్పలేదు. దుప్పటి నిండా తెల్లటి వెలుగు. దానికి అడ్డంగా పరిగెత్తిన ప్రభుదాసు నీడ కాటుకలా పడింది.

"ఒరే ప్రభుదాసూ, నువ్వూ ఎక్కావురా తెర మీదికి," అంది రూతు గడప దగ్గరి నుంచి.

ప్రభుదాసే ముందు నవ్వాడు. రూతు లోపలికి వచ్చి రెండు చేతులతో కోడిని చేసి వాడి నీడ ముక్కు పొడిచింది. పక్కింటి పిల్లలు కుక్కలయ్యారు, కుందేళ్ళయ్యారు. తాత కూడా రెండు వేళ్ళెత్తి మేకయ్యాడు. నేను లేకుండానే ఇల్లంతా నవ్వుతోంది. మూత సరిగ్గా పడని డబ్బాలోంచి చూస్తున్నాను. ఇంకాసేపు చూద్దామనుకునేలోపు సలోమమ్మ బీరువా తలుపు వేసేసింది.