రెండు గిన్నెల వంతు

తూము పలక పైకి లాగి, షోనజర్ చిల్లుగిన్నెను బకెట్లో నీళ్లమీద వదిలాడు. రాగి గిన్నె, అడుగున సూది దూరేంత బెజ్జం. అది నిండి మునిగేంతసేపు కాలవ పారితే ఒక గిన్నె నీళ్లని లెక్క. నిరుటిదాకా పెరటికి నాలుగు గిన్నెలు. ఈ ఏడు కొండమీద మంచే పడలేదు. జిల్లా అధికారులు రెండుకు కుదించారు, అదీ పన్నెండు రోజులకోసారి. సందులో అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. అయినా నమ్మేది గిన్నెనే.

ముప్ఫై ఒక్కేళ్లుగా ఈ కాలవ నీళ్లు పంచే మీరాబు ఆయనే. పొట్టి మనిషి, మోకాళ్లదాకా మడిచిన పంట్లాం, మడమల పగుళ్లలో ఎండిన బురద. ఎవరి పెరట్లో నీరు ఏ మూలకు చేరుతుందో కళ్లు మూసుకుని చెప్పగలడు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, అందుకే నడకలో కాస్త దర్జా.

రెండో గిన్నె మునగగానే పలక దించేశాడు. ఆ పెరటి ఓయ్‌గుల్ తలగుడ్డ సర్దుకుంటూ పరుగున వచ్చింది.

"షోనజర్ అకా, ఇంకొక్క గిన్నె అన్నా! టమాటాలు తలలు వాల్చేశాయి. చలికాలానికి ఏం ఊరబెట్టుకోను, నీ తలకాయా?"

"నా తలకాయ చేదు చెల్లీ, నోట పెట్టలేవు. రెండంటే రెండే. మా అమ్మ లేచొచ్చి అడిగినా రెండే."

"అబ్బో, చెప్పొచ్చావులే! ఆ చివర నీ పెరట్లో ఎన్ని మునుగుతున్నాయో ఎవడు చూశాడు?"

ఆ మాట చురుక్కుమంది. అయినా నవ్వేశాడు. "వచ్చి చూడు. తలుపు తీసే ఉంటుంది."

మీరాబు వంతు ఎప్పుడూ ఆఖరుదే; కాలవ తవ్విన నాటి కట్టుబాటది. పోయినసారి ఆయన పెరటికొచ్చేసరికి కాలవలో తడి తప్ప ఏమీ మిగల్లేదు. పోయిన భార్య నాటిన ద్రాక్షతీగ ఆకులు ముడుచుకుంది. ఇవాళ కూడా తప్పితే గుత్తులు దక్కవు.

ఇవాళ మిగిలింది. సన్నటి ధారే, కానీ పారింది. గిన్నె వదిలి, పందిరి గుంజకు వీపు ఆనించి కూర్చున్నాడు. నీళ్లు వేరుదాకా పాకాయి. "తాగవే, తాగు" అన్నాడు తృప్తిగా, కళ్లు మూసుకుంటూ. గిన్నె మునిగింది. ఆయన లేవలేదు.

ఓయ్‌గుల్ నిజంగానే చూడ్డానికి వచ్చింది. నెర్రెలిచ్చిన మడులు చూసింది, మాడిపోయిన ఉల్లినారు చూసింది. తర్వాత ఆయన్ని చూసి గొల్లుమంది. సందంతా వచ్చి, ఆయన్ని లోపలికి మోసుకెళ్లారు. ఎవరో అలవాటుగా పలక దించబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు! ఎన్ని మునిగాయో ఎవరూ చూళ్లేదు. మొదట్నుంచీ రెండు."

బకెట్ అడుగునుంచి గిన్నె తీసి, వంపేసి, మళ్లీ నీళ్లమీద వదిలింది. రాగి గిన్నె ఒకసారి ఊగి నిలిచింది. బెజ్జంలోంచి నీరు మెల్లగా ఊరసాగింది.