పక్క ఫోల్డర్‌లోనే ఉన్నాను

నేను ఒక ఫైలును. బొబ్బిలిలో ఓ చిన్న ఆసుపత్రి కంప్యూటర్‌లో రక్తదాతల వివరాలు దాచుకున్న డేటాబేస్‌ను. నన్ను తయారుచేసింది పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే లలితకుమారి. పెంచింది మాత్రం ల్యాబ్ టెక్నీషియన్ వరహాలు. ఆరేళ్లపాటు సంతలకీ జాతరలకీ తిరిగి, మనుషుల్ని బతిమాలి, వేలు పొడిచి, పదకొండు వందల పేర్లు నాలో నింపాడు. వాళ్లలో బాంబే గ్రూపు రక్తం ఒక్కడిదే. తెర్లాం దగ్గర ఇటుకబట్టీలో పనిచేసే తవిటినాయుడిది. ఆ గ్రూపు వాళ్లకు మరే రక్తమూ సరిపడదు.

నన్ను తెరిచే ప్రోగ్రాములో లలితకుమారి నా చిరునామా పూర్తిగా రాయలేదు. ‘నీ పక్కనే ఉంటుంది, చూసుకో’ అన్నట్టు రాసి వదిలేసింది. ఒకే ఫోల్డర్‌లో ఉన్నన్నాళ్లూ అది చాలింది.

ఒక సోమవారం పొద్దున వరహాలు ఆ ప్రోగ్రామును ఫోల్డర్‌లోంచి తీసి, కళ్లకెదురుగా తెరమీద పెట్టుకున్నాడు. నన్ను మాత్రం మరిచాడు. అది పక్కకు చూసింది. నేను లేను. దొరకలేదని చెప్పకుండా, నా పేరుతోనే ఓ ఖాళీ ఫైలును పుట్టించుకుంది. మనుషులు చేసిన వస్తువే కదా, తెలియదని ఒప్పుకోవడం దానికీ చేతకాలేదు.

ఆ మధ్యాహ్నమే పారమ్మ అనే బాలింతకు రక్తస్రావం ఆగలేదు. పరీక్షిస్తే బాంబే గ్రూపు. వరహాలు పరుగున వచ్చి ప్రోగ్రాము తెరిచాడు. ‘దాతలు: 0’ అని కనిపించింది.

“ఒకాయనున్నాడు... పేరు నోటికాడే ఉంది, రాట్లేదు” అని నుదురు కొట్టుకున్నాడు. నేను పక్క ఫోల్డర్‌లోనే ఉన్నాను. పిలిస్తే తప్ప పలికే నోరు నాకు లేదు.

లలితకుమారి క్లాసులో ఉంది. నలభై నిమిషాలకు గాని ఫోనెత్తలేదు.

“అన్నీ చెరిగిపోనాయమ్మా!”

“కంగారు పడకండి. ప్రోగ్రాముని ఎక్కడికైనా జరిపారా?”

“కనబడతాదని బయటెట్టేను.”

“మళ్లీ పాత చోటే పెట్టి తెరవండి.”

పెట్టాడు. పదకొండు వందల పేర్లూ ఒక్కసారిగా వచ్చాయి.

తవిటినాయుడు ఎవరి బండో అడిగి తీసుకుని గంటలో వచ్చాడు. ఒళ్లంతా ఎర్రటి ఇటుక దుమ్ము. చొక్కా చెయ్యి అప్పటికే పైకి మడిచి ఉంది. పారమ్మ పోయి అరగంటయింది.

“సెయ్యి కడుక్కొచ్చీమంటారా, బాబూ?” అని అడిగాడు.



సాయంత్రం లలితకుమారి వచ్చి నా చిరునామా మొదటినుంచి చివరిదాకా రాసింది. నేను కనబడకపోతే ఖాళీ ఫైలు పుట్టించకుండా, గట్టిగా హెచ్చరించేలా మార్చింది. అంతా కలిపి రెండు వరుసలు. ఆ పని ఆరేళ్ల కిందటే చేయాల్సిందని ఆవిడ ఎవరితోనూ అనలేదు.

తవిటినాయుడి నంబరు ఇప్పుడు వరహాలుకు కంఠతా వచ్చు. దానికోసం నన్ను అడగనక్కర్లేదు. అయినా రోజూ పొద్దున్నే నన్ను తెరిచి, ఆ పేరు దాకా వెళ్లి, ఉందని చూసుకుని మూసేస్తాడు.