జ్వరం లేని వీధి

మా మామయ్య అలీ సాహెబ్ జ్వరంతో పడుకున్న నాలుగు రోజులూ, ఆయనకి జ్వరం లేదని ఫోన్లో ఎక్కించింది నేనే. నరసరావుపేటలో మా వీధికి ఆశా వర్కర్ని. రెండువేల ఇరవై జులైలో, కరోనా రోజుల్లో, రోజూ ఇల్లిల్లూ తిరిగి, జ్వరముందా అని అడిగి, యాప్‌లో ఉందనో లేదనో నొక్కడమే నా పని.

ఉందంటే ఏమవుతుందో వీధిలో అందరికీ తెలుసు. పక్కింటి కాంతమ్మ పిన్ని నిజం చెప్పిన పాపానికి, ఇంటిల్లిపాదినీ బస్సెక్కించి పద్నాలుగు రోజులు ఒక హాస్టల్లో పడేశారు. తిరిగొచ్చేసరికి కట్టుగొయ్య దగ్గర గేదె చచ్చి ఉంది. భయపడి ఎవరమూ ఆ దొడ్లోకి వెళ్లలేదు. నేనూ వెళ్లలేదు.

ఆ తర్వాత మా వీధిలో ఎవరికీ జ్వరం రాలేదు. వచ్చినా నాకు చెప్పలేదు. మా పై ఆఫీసరు మీటింగులో మా వీధి పేరు చెప్పి చప్పట్లు కొట్టించాడు. సిగ్గులేకుండా నేనూ కొట్టాను.

మామయ్యకి ఒళ్లు కాలగానే పిన్ని గోడ మీదుగా అంది. "రాయమాకే షాహిస్తా. ముసలాయన్ని తీసకపోతే మళ్లీ చూస్తావో లేదో."

రాయలేదు.

ఐదో రోజు పొద్దున మంచినీళ్లడగడానికి ఆయన ఊపిరందక మూడుసార్లు ఆగాడు. మోటార్ల వైండింగు కొట్టులో రోజంతా తిట్లతో హోరెత్తించే మనిషి! వేలికి ఆక్సిజన్ చూసే మెషిన్ పెడితే ఎనభై రెండు చూపించింది. కంట్రోల్ రూముకి ఫోన్ చేశాను.

"యాప్‌లో ఆ ఇంట్లో జ్వరమే లేదమ్మా. జ్వరం కేసులకే ముందు బండి."

"తప్పు రాశారు సార్."

"ఎవరు రాసింది?"

"నేనే."

"ఇప్పుడు ఉందని కొట్టండి. బండి దానంతటదే వచ్చిద్ది."

కొట్టాను. అరగంటలో బండి వచ్చింది. వెదురు బొంగుల లారీ. మనిషిని మోయడానికి బండి లేదుగానీ, వీధి మూయడానికి లారీడు బొంగులున్నాయి ఈ ప్రభుత్వం దగ్గర! చూస్తుండగానే వీధి మొగన అడ్డంగా బొంగులు కట్టేసి వెళ్లిపోయారు. గుమ్మంలోకీ వీధి మొగకీ ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలీదు.

మరో రెండు గంటలకి అంబులెన్సు వచ్చి బొంగులకి అవతల ఆగింది. మా ఆయన రఫీక్, పిన్ని కొడుకు జయకర్ మామయ్యని నవారు మంచం మీద మోసుకొచ్చారు.

"ఊడదీయడానికి ఆర్డరు రావాల," అన్నాడు బొంగుల దగ్గర కాపలా ఉన్న కానిస్టేబుల్.

పిన్ని ఇంట్లోకెళ్లి కొడవలి తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను తాళ్లు కోయడం మొదలుపెట్టాను.

"ఏందమ్మా ఇది! నువ్వు గవర్నమెంటు మనిషివి!"

"అందుకే కోస్తన్నా."

నైలాను తాడు, ఒక పట్టాన తెగలేదు. వెనక రఫీక్ "అబ్బా, అబ్బా" అని తండ్రిని పిలుస్తూనే ఉన్నాడు. ఆఖరి ముడి తెగింది. బొంగు లాగి అవతల పారేసి, "తీసుకురండి!" అని అరిచాను.

ఎవరూ కదల్లేదు. మంచం నేల మీద ఉంది. రఫీక్ వాళ్లబ్బా కళ్లు మూస్తున్నాడు.