బంతి కోసమే కదా

ఆ రోజు అతను చేయాల్సినవి ఇవి: నీళ్ళ మోటారుకు మెకానిక్‌ని పిలవడం, మనవరాలికి దగ్గు మందు కొనడం, బూడిదరంగు రిఫరీ చొక్కాకు ఊడిన గుండీ కుట్టించుకోవడం, ఈల వేడినీళ్ళలో కడగడం, ఆటకు ముందు జోడీ రిఫరీతో నాలుగు మాటలు మాట్లాడుకోవడం. చివరిదానికి తీరిక దొరకలేదు.

గుండీ కుడుతూ భార్య అంది: "అందరికీ తీర్పులు చెప్తారు. మోటారు ఎందుకు ఆగిందో మాత్రం చెప్పలేరు."

"అది ఫౌల్ కాదు కదా."

"ఫౌలో కాదో, నీళ్ళయితే రావట్లేదు."

పగలు అతను బస్సు డిపోలో టైర్ల గుమాస్తా. అక్కడ అతని మాటకు ఎవరూ ఆగరు. సాయంత్రం బాస్కెట్‌బాల్ కోర్టులో ఈల ఊదితే ఆరడుగుల ఆటగాళ్ళు కూడా ఉన్నచోటే నిలబడిపోతారు. ఆ కాస్త నిశ్శబ్దం కోసమే బతుకుతున్నట్టుండేవాడు.

జోడీ రిఫరీ బడిలో లెక్కల టీచరు. అతని దగ్గరే పని నేర్చుకుంది, బాబాయ్ అని పిలుస్తుంది. "ఫౌల్ కావాలని చేశాడా లేదా అని సందేహం వస్తే పిడికిలి ఎత్తి ఆగు. జనానికి వీపు పెట్టి ఇద్దరం మాట్లాడుకుందాం. ఏం చూశావో చెప్పు, ఏం ఇవ్వాలో చెప్పకు" అని నేర్పింది అతనే. కిందటేడు ఆమె అలా చూసింది చెప్పి అతని తీర్పు మార్పించింది. "పరువు తీశావమ్మా" అన్నాడు, నవ్వుతూనే. ఆమె నవ్వలేదు.

ఆ సాయంత్రం, బంతితో బుట్ట వైపు దూసుకుపోతున్న పొట్టి ఆటగాణ్ణి వెనక నుంచి ఒక పొడుగువాడు లాగి పడేశాడు. చెయ్యి బంతికే వెళ్ళిందా? పరుగులో వెనకబడిన గుమాస్తాకు వీపులే కనిపించాయి. టీచరు పక్కనుంచి చూస్తోంది. పొడుగువాడి మీద అలాంటి ఫౌల్ అప్పటికే ఒకటుంది. ఇదీ కావాలని చేసిందే అయితే ఆట నుంచి బయటికి పోవాలి.

అతను పిడికిలి ఎత్తాడు. ఇద్దరూ జనానికి వీపు పెట్టారు.

"బంతి కోసమే కదా?" అన్నాడు.

ఆమె అతని మొహంలోకి చూసింది. "ఊఁ" అంది.

పొడుగువాడు ఆటలో ఉండిపోయాడు. కాసేపటికి అదే పొట్టివాణ్ణి మళ్ళీ లాగాడు. మోచెయ్యి నేలకు తగిలి విరిగిన చప్పుడు చివరి వరుసకూ వినిపించింది. ఈసారి ఎవర్నీ అడిగే పని లేకపోయింది. పొడుగువాణ్ణి బయటికి పంపాడు. పొట్టివాణ్ణి ఆసుపత్రికి మోసుకుపోయారు.

ఆట ముగిశాక రిఫరీల గదిలో అడిగాడు: "మొదటిసారి నువ్వు చూశావా?"

"చూశాను బాబాయ్. రెండు చేతులతో నడుం పట్టుకున్నాడు. బంతి వైపు చూడనైనా లేదు."

"మరి చెప్పలేదేం?"

"మీరు అడగలేదు. ఊఁ అనమన్నారు."

అతను లేచి పోటీల నిర్వాహకుడి దగ్గరికి వెళ్ళి, రేపటి ఫైనలుకు ఆమెకు వేరే జోడీని చూసుకోమన్నాడు. ఇకపైన తనని పిలవొద్దన్నాడు.

"ఒక్క ఫౌల్‌కేనా?" అన్నాడు నిర్వాహకుడు.

"కాదండీ."

డిపో చొక్కా తొడుక్కుని, చెప్పులు వేసుకుని, ఆసుపత్రి వైపు నడిచాడు. మళ్ళీ ఏ కోర్టులోనూ కనిపించలేదు.

గదిలో బల్ల కింద అతని నల్ల బూట్లు ఉండిపోయాయి, లేసుల ముడులు విప్పకుండానే కాళ్ళు లాగేసుకున్నట్టు, ఒకటి పక్కకు ఒరిగి. ఆట మధ్యలో ఎక్కడైనా ఇద్దరు రిఫరీలు మీకు వీపు పెట్టి మాట్లాడుకుంటూ కనిపిస్తే, ఆ బూట్లాయన్ని ఒకసారి తలుచుకోండి.