ఎడంచేతి అతుకు

ఓనో దవడ విరగ్గొట్టింది నేనే. ఇరవై ఏళ్లు ఆయన్ని బాబాయ్ అని పిలిచిన నోటితోనే ఆ మాట పోలీసులకు చెప్పాను.

మా తమ్ముడు రెంకో చేపల పడవ అడుగున వెల్డింగు అతుకు విడిపోయి సముద్రంలో మునిగింది. రెంకోతో సహా నలుగురు పోయారు. పడవను పైకి తీశారు, ఫోటోలు పట్టారు. అతుకు ఎవరు వేశారో మాత్రం తేలలేదు. ఆ పడవను బాగుచేసిన యార్డులో ఏడుగురు వెల్డర్లు. ఆరుగురి గుమ్మాలు ఎక్కి నిలదీశాను. ఏడోవాడు ఓనో. ఏటా రెంకో సమాధికి నాకంటే ముందే పూలు తెచ్చే మనిషిని ఏమని అడుగుతాను? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు.

ఈసారి ఎమ్డెన్ ఊళ్లో జరిగే నమూనా పడవల పోటీకి ఆ పడవనే మూరెడు పొడవున చేశాను. ప్లాస్టిక్ కాడను కొవ్వొత్తి సెగకు వెంట్రుకలా సాగదీసి, అతుకు వెంట పరిచి, జిగురుతో మెత్తబరిచి, వెల్డింగు మీద తేలే అలల్లా కత్తి మొనతో ఒక్కొక్క అల నొక్కాను. ఈ పని నేర్పింది ఓనోనే. అలల వంపు మాత్రం ఫోటోలో ఎలా ఉంటే అలాగే దించాను.

మార్కులు వేసే గెరిట్ భూతద్దం పెట్టి చూసి పెదవి విరిచాడు.

"అలలు తిరగబడ్డాయి కదయ్యా హిల్కో. ఎడంచేతివాటం వాడు వేసినట్టుంది."

ఫోటో తీసి బల్ల మీద కొట్టాను. అందులోనూ అంతే.

పక్కనే టీ తాగుతున్న ఓనో, ఎడం చేతిలోని కప్పును మెల్లగా కుడి చేతికి మార్చుకున్నాడు.

కాలరు పట్టి ఆయన ముఖాన్ని బల్లకేసి బాదాను. కప్పు పగిలింది, పన్ను ఊడింది. రెండోసారి పడవ మీదే బాదాను. గెరిట్ నా వీపు పట్టుకు వేలాడుతున్నాడు. ఓనో చెయ్యి అడ్డం పెట్టలేదు.

"అతుకులో పగులు అప్పుడే కనబడింది రా," అన్నాడు రక్తం ఉమ్మి. "మధ్యాహ్నానికే పడవ పోవాలన్నారు. పైన రంగు కొట్టేశా."

అప్పుడు గుద్దాను దవడ మీద. ఎముక విరిగిన చప్పుడు నాకు హాయిగా వినిపించింది. అబద్ధమెందుకు?

పడవ నాలుగు ముక్కలైంది. నేను వేసిన అతుకు మాత్రం విడలేదు. బూటుకాలితో తొక్కాను, అయినా విడలేదు. ఆ ముక్క చేతిలో పెట్టుకుని, ఓనో పక్కనే నేలమీద కూర్చుని ఏడ్చాను.