మూడు కిలోల క్షేమం

నేను ఒక ఉత్తుత్తి బిడ్డను. తల రబ్బరు, ఒళ్లు గుడ్డ. నన్ను చేసినవాళ్లు పొట్టలో ఇసుక పోసి, కచ్చితంగా మూడు కిలోలు తూచి, వీపు కుట్టేశారు. నర్సింగ్ స్కూల్లో ఆరేళ్లు నలిగి, చివరికి గోదావరి ఒడ్డున ఒక చిన్న ఆసుపత్రిలో ఎలీసమ్మ సిస్టర్ చేతికొచ్చాను.

ప్రతి బుధవారం ఆమె కొత్త తల్లిదండ్రులను గుండ్రంగా కూర్చోబెట్టేది. నన్ను పట్టుకున్నవాళ్లు తమ గురించి చెప్పాలి. బిడ్డ గురించి కాదు. అదొక్కటే నియమం.

"ఎలా ఉన్నావమ్మా?"

"మూడు కిలోల రెండొందలండి."

"మావోడు మూడున్నరండి!" అనేది పక్కనున్న సత్యవేణి, పందెం గెలిచినట్టు.

ప్రశ్న అర్థంకాక కాదు. అర్థమైంది కాబట్టే తూకం వెనక దాక్కునేవారు. తండ్రులు మరీను, నన్ను పుచ్చకాయలా చంకలో ఇరికించుకుని ఫొటోలు దిగేవారు. వాళ్ల లెక్కన నేనూ క్షేమమే.

ఒక బుధవారం నేను నాగవేణి ఒళ్లోకి వచ్చాను. ఇరవై రోజుల బాలింత. ఆమె పాప భర్త శేషగిరి చేతుల్లో ఉంది. నన్ను మాత్రం నా కుట్లు పిగిలేలా పట్టుకుంది.

"ఎలా ఉన్నావు నాగవేణీ?"

"మూడు కిలోలండి."

"అది బొమ్మ బరువే! మన పాప రెండు తొమ్మిదొందలు కదా," అన్నాడు శేషగిరి. అందరూ నవ్వారు. అంత చవక నవ్వు నేనెక్కడా వినలేదు.

ఆమె చేతులు వదిలేశాయి. నేను నేల మీద పడ్డాను. కుట్లు తెగి ఇసుక కారింది.

"చూశారా? ఇలాగే పడేస్తానండి," అంది నాగవేణి. "అందుకే పాపనెత్తుకోవట్లేదు. పాలిచ్చేసి ఆయనకిచ్చేత్తన్నాను."

సిస్టర్ ఇసుక తొక్కుకుంటూ వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

"పడింది బొమ్మేనమ్మా. ఎప్పట్నుంచి ఈ భయం?"

"పాప పుట్టిన రోజు నుంచండి."

"నాకూనండి," అంది సత్యవేణి, తల ఎత్తకుండా.

సిస్టర్ ఆ పూటే ఇద్దరినీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది.

నెల తరవాత నాగవేణి వచ్చింది. పాప ఆమె చేతుల్లోనే ఉంది. "బరువెంతుందే?" అని ఎవరో అడిగారు.

"చూళ్లేదండి," అంది. "నాకు నిద్ర పడతంది."

ఇన్నేళ్లూ నన్ను పదిలంగా మోసినవాళ్లెవరూ ఒక్క నిజం చెప్పలేదు. పడేసినావిడ చెప్పింది. మనుషుల తీరు ఇదీ. నా వీపు మళ్లీ కుట్టారు కానీ, కారిన ఇసుకను చీపురుతో ఊడ్చేశారు. బీరువా మీద పడి ఉన్నాను. నా బరువెంతో ఇప్పుడు నాకూ తెలియదు.