మేడ మీద ప్లేట్ల మిషన్

శాంతిరాజ్ గోలేటి నుంచి గోదావరిఖనికి బదిలీ అయి వచ్చి మూడు నెలలైంది. కంపెనీ క్వార్టర్ ఇంకా రాలేదు. అందాకా భార్య హన్నాతో ఒక మేడలో కింది పోర్షన్ అద్దెకు తీసుకున్నాడు. పై పోర్షన్‌లో వీరేందర్ ఉంటాడు. బొగ్గుబాయిలో శాంతిరాజ్ షిఫ్టుకు అతనే ఓవర్‌మెన్. పని పంచేదీ, తప్పు పట్టేదీ అతనే. ఆఫీసరు నెత్తి మీదే కాపురమున్నాడని హన్నా మొదట్లో నవ్వింది. ఆ నవ్వు వారం కూడా నిలవలేదు.

వీరేందర్ తన ముందు గదిలో పేపర్ ప్లేట్లు ఒత్తే మిషన్ పెట్టాడు. పొద్దున ఎనిమిదికి మొదలైతే సాయంత్రం ఐదు దాకా అది నేలను గుద్దుతూనే ఉంటుంది. గుద్దుకూ గుద్దుకూ మధ్య ఒక్క ఊపిరంత సందు. ఇప్పుడు పడుతుంది, ఇప్పుడు పడుతుంది అని శాంతిరాజ్ కళ్ళు మూసుకుని కాచుకునేవాడు. ఆ నెల అతనికి రాత్రి షిఫ్టు పడింది. చెవుల్లో దూది పెట్టుకున్నాడు. వంటింట్లో చాప వేసుకున్నాడు. లాభం లేకపోయింది. సాయంత్రం పూట రెండుసార్లు మెట్లెక్కి వీరేందర్‌ను మర్యాదగా అడిగి చూశాడు.

"బతుకుదెరువు శాంతిరాజ్. జర సర్దుకోవాలె," అన్నాడు వీరేందర్, రెండుసార్లూ అదే మాట. నెలనెలా జీతం అందుకునేవాడి నోట ఆ మాట విని శాంతిరాజ్‌కు ఒళ్ళు మండింది.

ఒక బుధవారం బొగ్గెత్తే మిషన్ నడుపుతుండగా శాంతిరాజ్‌కు కన్ను మలిగి కునుకు పట్టింది. రెప్పపాటే. మిషన్ పక్కకు తిరిగి, గోడవారన నిలబడ్డ తోటి కార్మికుడు కొమురెల్లి కాలికి జానెడు దూరంలో ఆగింది. కొమురెల్లి తన నీళ్ళ సీసా తీసి అతని చేతికిచ్చాడు. వీరేందర్ మాత్రం షిఫ్టు దిగాక శాంతిరాజ్‌ను అందరి ముందూ నిలబెట్టాడు.

"ఇంట్ల పండుకోకుంట ఏం జేస్తున్నవ్? మనిషిని సంపుతవా? ఇంకోసారి గిట్లయితే చార్జిషీటే."

కొమురెల్లి కాలు తన చేతుల్లోనే పోయేది. అది నిజం కాబట్టి శాంతిరాజ్ తిట్లన్నీ తిన్నాడు. ఇంటికొచ్చి పడుకున్నాడు. ఎనిమిదికి పైన ప్లేట్ల మిషన్ మొదలైంది. పదకొండు దాకా పళ్ళు కొరుక్కుని ఓర్చుకుని, లేచి పైకి పోయాడు. అక్కడ కూలికి ప్లేట్లు కట్టలు కడుతున్న సారవ్వ తలెత్తి చూసింది.

"సార్ను లేపు అవ్వ. మాట్లాడాలె."

"సార్ ఈడ ఏడున్నడు బిడ్డ? గీ సప్పుడుకు నిద్ర పడ్తలేదని పగలు అత్తగారింట్ల పండుకుంటడు. గా వెనక గల్లీల."

శాంతిరాజ్ చెప్పులు కూడా వేసుకోకుండా వెనక గల్లీలోకి నడిచాడు. కాళ్ళ కింద రోడ్డు కాలుతున్నదీ తెలియలేదు. వీరేందర్ అత్త ఐలవ్వ తలుపు తీసింది.

"నైట్ డ్యూటీ జేసొచ్చి పండుకున్నడయ్యా. లేపద్దు."

"నేను గూడ గదే డ్యూటీ జేసొచ్చిన, అవ్వ."

లోపలి గది తలుపు మీద అరచేత్తో బాదాడు. లుంగీ సర్దుకుంటూ వీరేందర్ బయటికొచ్చాడు.

"ఏంది గిది? నిద్ర జెడగొడ్తున్నవ్?"

"ఇంట్ల ఏం జేస్తున్నవని అడిగిండ్రు గద సార్. చెప్పనీకె వచ్చిన. మీ మిషన్ సప్పుడు ఇంటున్న."

"డ్యూటీల మాట్లాడుదాం, పో."

"ఆడ మీరు మాట్లాడిండ్రు. ఈడ నేను మాట్లాడుత. గా సప్పుడుల నిద్ర పట్టదని మీకు ఎరుకే. ఎరికుండే నన్ను బొగ్గు మిషన్ ఎక్కిచ్చిండ్రు. కొమురెల్లన్న కాలు పోతే చార్జిషీట్ ఎవలికి రాయాలె?"

వీరేందర్ నోరు తెరిచేలోపు ఐలవ్వ అందుకుంది. "సప్పుడుకు తిప్పలపడేటందుకు కింద కిరాయికి ఎవలు లేరంటివి గద, అల్లుడా?"

వీరేందర్ ఆమె వైపు చూడకుండా లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

అత్త పోరుకు నాలుగు రోజుల్లో ప్లేట్ల మిషన్ మంచిర్యాల రోడ్డు పక్కనున్న ఒక షెడ్డుకు వెళ్ళిపోయింది. క్షమాపణ మాత్రం రాలేదు. బదులుగా వీరేందర్ అతన్ని బొగ్గెత్తే మిషన్ మీది నుంచి తప్పించి, బాయిలో అన్నిటికన్నా దూరంగా ఉన్న మోటారు దగ్గర నీళ్ళు తోడే పనికి వేశాడు.

"సప్పుడు పోయింది గద. ఇగ ఊకో," అంది హన్నా.

"ఊకోను," అన్నాడు శాంతిరాజ్.

జరిగిందంతా, తనకు కన్ను మలిగిన సంగతితో సహా, మేనేజర్‌కు ఫిర్యాదుగా కాగితం మీద పెట్టాడు. కొమురెల్లి సాక్షి సంతకం చేశాడు. మేనేజర్ శాంతిరాజ్‌నూ వీరేందర్‌నూ కూర్చోబెట్టి అడిగాడు. పదిహేను రోజులకు శాంతిరాజ్‌కు వేరే ఓవర్‌మెన్ కింద మళ్ళీ మిషన్ పని దొరికింది. వీరేందర్ ఇప్పటికీ పైనే ఉంటున్నాడు. మెట్ల దగ్గర ఎదురుపడితే శాంతిరాజ్ పక్కకు తప్పుకోడు, నమస్తే పెట్టడు.